ప్రెగ్నెన్సీ టెస్ట్ నుంచి అక్వేరియం దాకా: ఓ కప్ప ప్రయాణం

ఈ ఎపిసోడ్ టాపిక్ కప్పల అక్వేరియం. "హిస్టరీ చెప్పేవాడికి కప్పలతో ఏం పని?" అనుకుంటున్నారా? ఉంది. ఎప్పుడూ నీళ్ళలోనే ఉండే కప్పల్ని ఇంట్లో పెంచడం ఇప్పుడొక సరదా. కానీ ఆ ట్యాంక్‌కి మూత ఎందుకు ఉండాలి, పాత నీళ్ళు చెరువులో ఎందుకు పోయకూడదు అని అడిగితే, జవాబు కోసం దాదాపు వందేళ్ళు వెనక్కి, సౌత్ ఆఫ్రికాకి వెళ్ళాలి.

1927లో లాన్స్‌లాట్ హాగ్‌బెన్ అనే ఇంగ్లీషు జంతుశాస్త్రవేత్త కేప్‌టౌన్ యూనివర్సిటీకి ప్రొఫెసర్‌గా వెళ్ళాడు. అక్కడి కుంటల్లో ఒక కప్ప బోలెడంత దొరికేది. స్థానికులు ప్లాటనా అంటారు. సైన్స్ పేరు జెనోపస్ లేవిస్. జెనోపస్ అంటే వింత పాదం అని అర్థం. వెనక కాళ్ళ మీద మూడేసి వేళ్ళకి నల్లటి గోళ్ళుంటాయి. నాలుక ఉండదు. తిండి కనిపిస్తే ముందు చేతులతో నోట్లోకి తోసుకుంటుంది, మన పిల్లలు అన్నం కుక్కుకున్నట్టే.

కప్ప చర్మం రంగు ఎలా మారుతుందో హాగ్‌బెన్ పరిశోధిస్తున్నాడు. అందులో భాగంగా ఎద్దు మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రసాన్ని ఆడ కప్పలకి ఎక్కిస్తే, అవి గుడ్లు పెట్టేశాయి! 1930లో ఆ సంగతి ప్రకటించి, అదే ఏడాది లండన్ వెళ్ళిపోయాడు. అక్కడి జాతి వివక్ష ఆయనకి అస్సలు పడలేదు.

అప్పటికి ప్రెగ్నెన్సీ టెస్ట్ ఎలా చేసేవారో తెలుసా? ఆడమనిషి యూరిన్‌ని చిన్న ఎలుకలకి ఇంజెక్షన్ చేసి, కొన్ని రోజులు ఆగి, వాటిని చంపి, కోసి, లోపల అండాశయాలు చూసేవారు. తర్వాత ఎలుకల బదులు కుందేళ్ళు వచ్చాయి. అమెరికాలో "కుందేలు చచ్చిపోయింది" అంటే ఆవిడ కడుపుతో ఉందని అర్థం అట. నిజానికి రిజల్ట్ ఏదొచ్చినా పాపం ఆ కుందేలు చచ్చేది.

కేప్‌టౌన్‌లోనే హిలెల్ షపైరో, హ్యారీ జ్వారెన్‌స్టీన్ అనే ఇద్దరు 1930ల మొదట్లో ఈ కప్ప మీదే గర్భిణుల యూరిన్‌తో పరీక్ష చేసి చూపించారు. గర్భిణి యూరిన్‌లో హెచ్‌సీజీ అనే హార్మోన్ ఉంటుంది. ఇప్పుడు మెడికల్ షాపులో కొనే స్ట్రిప్ పట్టుకునేది కూడా దాన్నే. సాయంత్రం కప్ప చర్మం కింద ఇంజెక్షన్ చేసి గాజు జాడీలో వదిలితే, పొద్దున్నకి అడుగున చిన్న చిన్న గుడ్లు కనిపించేవి. ఉంటే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. కప్ప బతికే ఉంటుంది. కొన్ని వారాలు రెస్ట్ ఇచ్చి మళ్ళీ వాడుకోవచ్చు. ఈ టెస్ట్ ఘనత ఎవరిదని హాగ్‌బెన్‌కీ, ఆ ఇద్దరికీ చాలా గొడవ నడిచింది. నన్నడిగితే దారి చూపింది హాగ్‌బెన్, నడిచి చూపింది వాళ్ళిద్దరు.

ఇక డిమాండ్ చూడండి. స్టెలెన్‌బాష్ పక్కన యోంకర్స్‌హుక్ అనే చేపల కేంద్రం ఉంది. ట్రౌట్ పిల్లల్ని పెంచే చోటు. అక్కడి నుంచే కప్పల్ని పట్టి ఓడల్లో దేశదేశాలకి పంపారు. ఆసుపత్రుల్లో, ల్యాబుల్లో కప్పల తొట్లు వచ్చాయి. ఇవాళ మనం కప్పల ట్యాంక్ అంటున్న దానికి మొదటి రూపం అదే. పెట్టింది ఇంట్లో అందం కోసం కాదు, ఒక మెషీన్‌ని పనిచేసే స్థితిలో ఉంచడం కోసం. ముక్కలు చేసిన లివర్ వేస్తే తింటుంది, అంత సులువుగా జబ్బు పడదు, ఏళ్ళ తరబడి బతుకుతుంది. ల్యాబ్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

1960లో రక్తపు కణాలతో చేసే కొత్త టెస్ట్ వచ్చింది. మెల్లగా కప్పకి ఆ ఉద్యోగం పోయింది. కానీ అప్పటికే ప్రపంచమంతా ఉన్న ఆ తొట్లు ఖాళీ కాలేదు. 1962లో జాన్ గర్డన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఈ కప్ప తోకపిల్ల పేగు కణంలోని కేంద్రకాన్ని గుడ్డులో పెట్టి, దాన్నుంచి తోకపిల్లల్ని పుట్టించానని ప్రకటించాడు. అదే క్లోనింగ్. యాభై ఏళ్ళకి, 2012లో నోబెల్ వచ్చింది. 1992లో నాసా ఈ కప్పల్ని ఎండీవర్ షటిల్‌లో అంతరిక్షానికి కూడా తీసుకెళ్ళింది. సరే, అది వేరే ఎపిసోడ్.

అసలు చిక్కు ఎక్కడంటే, ఈ కప్పలు పెట్ షాపుల్లోకి వచ్చాయి. తెలుపు రంగువి, ఎర్ర కళ్ళవి కూడా. కొన్ని తప్పించుకున్నాయి, కొన్నింటిని వదిలేశారు. వేల్స్, ఫ్రాన్స్, సిసిలీ, చిలీ, కాలిఫోర్నియా, ఇలా ఎన్నో చోట్ల నీళ్ళలో స్థిరపడ్డాయి. ఫ్రాన్స్‌లో ల్యాబుల కోసం కప్పల్ని పెంచే ఒక కేంద్రం చుట్టుపక్కల నుంచే వ్యాపించాయి. వర్షం రాత్రి నీళ్ళలోంచి బయటికొచ్చి నేల మీద పాకుతూ పక్క కుంటకి పోగలవు. మూత ఎందుకో అర్థమైందా? గట్టి మూత, గాలి ఆడే సందులు, నీటికీ మూతకీ మధ్య ఖాళీ. ఇవి ఊపిరితిత్తులతో గాలి పీల్చుకుంటాయి కాబట్టి పైకి రావాల్సిందే.

ఇంకోటి ఉంది, ఇది భయపెట్టేది. 1990ల చివర్లో కప్పల చర్మాన్ని పట్టే కైట్రిడ్ ఫంగస్‌ని గుర్తించారు. 2004లో శాస్త్రవేత్తలు మ్యూజియంలో సీసాల్లో దాచిన పాత జెనోపస్‌లని పరీక్షిస్తే, 1938 నాటి ఒక కప్పలో ఈ ఫంగస్ ఆనవాలు దొరికింది. ఈ కప్పకి అది సోకినా సాధారణంగా ఏం కాదు, మోసుకు తిరుగుతుంది. దాంతో చాలామంది ప్రెగ్నెన్సీ టెస్ట్ కప్పే విలన్ అని తేల్చేశారు. 2018లో వచ్చిన జన్యు అధ్యయనం మాత్రం ఫంగస్ పుట్టిల్లు తూర్పు ఆసియా, కొరియా వైపు అని చూపింది. అంటే తప్పంతా ఈ కప్పది కాదు. మనుషులు ఉభయచరాల్ని ఖండాలు దాటించిన వ్యాపారం మొత్తానిది. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం కనీసం 501 జాతులు తగ్గిపోయాయి, అందులో 90 అంతరించినట్టే. మన దేశంలోనూ ఈ ఫంగస్ కనిపించింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు దీన్ని పసిగట్టే టెస్టుల మీద పనిచేశారు. అందుకే ట్యాంక్ నీళ్ళు చెరువులోనో కాలువలోనో పోయొద్దు. బ్లీచింగ్ పౌడర్ కలిపి, కాసేపు ఉంచి, బాత్రూమ్ డ్రెయిన్‌లో పోయండి. కిచెన్ సింక్ వద్దు. 2009-11 మధ్య అమెరికాలో పెంపుడు నీటి కప్పల వల్ల 241 మందికి సాల్మొనెల్లా సోకింది. ఎక్కువమంది చిన్నపిల్లలే.

ఆ అమెరికా కేసులో ఉన్నది మాత్రం జెనోపస్ కాదు, దాని చుట్టం: డ్వార్ఫ్ ఫ్రాగ్. అదీ ఆఫ్రికాదే. పెద్దయినా మూడు నాలుగు సెంటీమీటర్లే. చిన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి, కొనేవాళ్ళు మోసపోయేది అక్కడే. ముందు చేతులు చూడండి. వేళ్ళ మధ్య పొర ఉంటే డ్వార్ఫ్. పొర లేకుండా వేళ్ళు విడివిడిగా ఉంటే అది జెనోపస్. పది సెంటీమీటర్లు దాటుతుంది, ట్యాంక్‌లో చేపల్ని మింగేస్తుంది, పదిహేనేళ్ళు పైనే బతుకుతుంది. ఇంటర్‌లో కొంటే మీ పెళ్ళికి కూడా ఉంటుంది. పైగా దానికి 16 నుంచి 22 డిగ్రీల నీళ్ళు కావాలి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఇంట్లో నీళ్ళు ఎంతుంటాయో మీకు తెలుసు. నా మాట వింటే దాన్ని ఇక్కడ కొనకండి.

డ్వార్ఫ్ అయితే 24 నుంచి 27 డిగ్రీలు చాలు, వేసవిలో అది కూడా కొంచెం కష్టమే. ఎక్కువ లోతు వద్దు, పైకి ఈదలేక అలిసిపోతుంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ తీసే మందు వేశాకే కప్పని వదలాలి. అడుగున మెత్తటి ఇసుక, లేదా నోట్లో పట్టనంత పెద్ద రాళ్ళు. చిన్న గులకరాళ్ళు వేస్తే తిండితో పాటు మింగేస్తాయి. మోటార్ ఫిల్టర్ జోరు పడదు, స్పాంజ్ ఫిల్టర్ మంచిది.

పెంచలేకపోతే షాపు వాడికి తిరిగి ఇవ్వండి, లేదా పెంచగలిగిన వాళ్ళకి ఇవ్వండి. "పాపం, స్వేచ్ఛగా బతుకుతుంది" అని ఊరి చెరువులో మాత్రం వదలొద్దు. ఆ చెరువులో మన గోదురు కప్పలున్నాయి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.