నెల్లూరు సీమ నాగటిచాలులో రోమన్ బంగారం

క్రీస్తు శకం 1వ శతాబ్దంలో ఈజిప్టు వర్తకుడొకడు గ్రీకు భాషలో రాసిన ‘పెరిప్లస్’, అంటే రేవు వెంట రేవును వివరించే సముద్రయాన గ్రంథం, తమిళ తీరంలోని కమర, పొదూకే, సోపత్మ రేవులను చెప్పి, ఆపైన ఏకంగా నూలు వస్త్రాలకు పేరుపొందిన మసాలియాకు, అంటే కృష్ణా ముఖద్వార సీమకు సాగిపోతుంది. నడుమనున్న నెల్లూరు తీరం ఊసు అందులో లేదు. ఆ ఖాళీని 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా పండితుడు టాలెమీ పూరించాడు. అరువార్నోయి అనే జనుల దేశంలో టైనా నది సముద్రంలో కలిసే చోటును, మనార్ఫా అనే ‘ఎంపోరియాన్’ను, అంటే దూరదేశపు వర్తకులు క్రయవిక్రయాలు జరిపే రేవును, ఆయన తన భూగోళ గ్రంథంలో నమోదు చేశాడు. టైనా అంటే పెన్నేనని పలువురు పండితులు గుర్తించారు.

గ్రంథాల సాక్ష్యం ఇంతమాత్రమే కాగా, మట్టిలోంచి వచ్చిన సాక్ష్యం ఇంతకంటె ఎంతో విలువైనది. 1780ల నడుమ, నెల్లూరు సీమ ఇంకా ఆర్కాటు నవాబు ఏలుబడిలో ఉండగా, ఒక రైతు రాతిగుట్ట పక్కన దున్నుతున్నప్పుడు నాగలి ఇటుక కట్టడానికి తగిలి ఆగిపోయింది. అక్కడ తవ్వగా చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఒక చిన్న కుండ, ఆ కుండలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేయగా చాలామటుకు కరిగిపోయి ఉంటాయి, నవాబు కుమారుడు అమీరుల్ ఉమరా మాత్రం ముప్పైకి పైగా రాబట్టాడు. అప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిలో హేడ్రియన్ చక్రవర్తి నాణెం ఒకటి, ఫౌస్టీనా రాణి నాణెం ఒకటి ఎంచుకున్నాడు. ఈ నాణేలను గురించి ఆయన రాసిన లేఖ కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సంపుటిలో అచ్చయింది. భారతదేశంలో దొరికిన రోమన్ నాణేలను గురించి అచ్చులోకి వచ్చిన తొలి కథనాల్లో అదొకటి.

ఆ లేఖలోని రెండు వివరాలు నేటికీ పరిశోధకులకు పనికివస్తాయి. మొదటిది కాలం. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన 1,531 రోమన్ వెండి నాణేలు నీరోకు ముందరి చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్‌ల కాలానివి. 64లో నీరో చక్రవర్తి నాణేల తూకం తగ్గించిన తరువాత భారతదేశంతో వర్తకం సన్నగిల్లిందని, రాబర్ట్ సెవెల్ 1904లో కూర్చిన నాణేల పట్టిక ఆధారంగా చాలాకాలం భావించారు. నెల్లూరు కుండలో నీరో తరువాతి చక్రవర్తులైన ట్రాజన్, హేడ్రియన్‌ల నాణేలు ఉండటం ఆ భావనను సవాలు చేస్తుంది. ఫౌస్టీనా పేరు గల రాణులు ఇద్దరు, ఆంటోనైనస్ పయస్ చక్రవర్తి భార్య, ఆయన కుమార్తె. డేవిడ్‌సన్ ఎంచుకున్నది ఎవరి నాణెమైనా, అది 138కి ముందుది కాదు గనుక కుండను పాతిపెట్టింది ఆ తరువాతే. 1985లో వెలుగులోకి వచ్చిన, మలబారు తీరపు ముజిరిస్ రేవుతో వర్తకాన్ని తెలిపే ముజిరిస్ పపైరస్ కూడా 2వ శతాబ్దపు ఓడ సరుకు లెక్కలే చెబుతూ, తగ్గిందనుకున్న కాలంలోనూ వర్తకం భారీగా సాగిందని చూపుతోంది.

రెండవ వివరం మరింత లోతైనది. కొన్ని నాణేలు టంకశాల నుంచి అప్పుడే వచ్చినట్టు మెరుస్తూ ఉండగా, కొన్ని అరిగిపోయి, చిల్లులు పడి, దండకో మెడకో ధరించినట్టు కనిపించాయని డేవిడ్‌సన్ గమనించాడు. ఇప్పటి పండితులు రోమన్ నాణేన్ని ఇక్కడ చెల్లుబాటు డబ్బుగా మాత్రమే కాక, తూచి ఇచ్చే బంగారంగా, నగగా, దైవానికి సమర్పణగా కూడా చదువుతున్నారు. తెలుగింట కాసులపేరు ఎరిగినవారికి ఇది వింత కాదు, బంగారు కాసును గుచ్చి మెడలో వేసుకోవడం ఈ నేలకు ఎంతో అలవాటైన పని. చిల్లు పడ్డ నాణెం ఒకరి ఒంటి మీద కొన్నేళ్లయినా ఉండి ఉంటుంది. కొత్తగా మెరిసేది చేతులు మారకుండానే దాచినది. రెండూ ఒకే కుండలో చేరడాన్నిబట్టి, అది ఏ వర్తకుడి మూటో కాక, ఒక ఇల్లో ఒక గుడో క్రమంగా కూడబెట్టిన సొత్తని భావించడమే సబబు.

అయితే ఆ ఇటుక కట్టడం కాలం తేల్చగల ఇటుక కొలతలను గానీ కుండ ఆకృతిని గానీ ఆనాడు ఎవరూ రాసిపెట్టలేదు. నాణెంపై చక్రవర్తి బొమ్మ అది టంకశాలలో ఎప్పుడు తయారైందో చెబుతుందే తప్ప, ఎప్పుడు భూమిలోకి వెళ్లిందో చెప్పదు. కనుకనే పరమేశ్వరీ లాల్ గుప్తా 1965లో ఆంధ్రప్రదేశ్‌లోని రోమన్ నాణేలపై గ్రంథం ప్రచురించిన నాటి నుంచి నేటి వరకూ, పరిశోధకులు నాణెం బొమ్మతో సమానంగా అది దొరికిన చోటునూ, దాని పక్కనున్న పెంకునూ పట్టించుకుంటున్నారు.