ఊరి వైద్యానికి పైసలు ఎవరివి? పంచాయతీవా, రాష్ట్రానివా, ఢిల్లీవా?

తిరువూరు నియోజకవర్గంలోని పెనుగొలను లాంటి ఊళ్లో ఎవరికైనా జ్వరం వస్తే ముందు గడప దగ్గరికి వచ్చేది ఆశా కార్యకర్త. ఆమె చేతిలోని మలేరియా టెస్ట్ కిట్ జాతీయ కార్యక్రమంది. ఆమెకు నెలకు అందే 10 వేల రూపాయల్లో కొంత కేంద్రం ప్రోత్సాహకం, మిగతాది రాష్ట్రం కలిపేది. వీధి కాల్వలో చల్లే బ్లీచింగ్ పౌడర్ మాత్రం పంచాయతీ ఖర్చు. జ్వరం ఒక్కటే అయినా డబ్బు మూడు ఖాతాల నుంచి రావాలి.

రాజ్యాంగం ప్రకారం ప్రజారోగ్యం, పారిశుధ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. కుటుంబ నియంత్రణ, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అంటువ్యాధులు పాకకుండా చూడటం ఉమ్మడి జాబితాలోవి. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలను పదకొండో షెడ్యూల్‌లో పెట్టింది. అందులో 23వది ఆరోగ్యం, పారిశుధ్యం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కూడా అందులోనే ఉన్నాయి. కాగితం మీద సర్పంచ్‌కు పెద్ద బాధ్యతే. కానీ డాక్టర్ పోస్టింగ్, నర్సు జీతం, మందుల కొనుగోలు అన్నీ రాష్ట్రం చేతిలోనే. మందులు కొనేది రాష్ట్ర వైద్య సేవల మౌలిక సదుపాయాల సంస్థ.

వెనకటికి ఇలా లేదు. కృష్ణా జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో జిల్లా, తాలూకా బోర్డులు భూమి మీద సెస్సు వసూలు చేసి, ఆ పైసలతో ‘లోకల్ ఫండ్’ దవాఖానాలు నడిపేవి. ఆ బోర్డులు పోయాక దవాఖానాలు మెల్లగా సర్కారు శాఖ కిందికి వెళ్లాయి. పన్ను కట్టేవాడికీ దవాఖానాకూ మధ్య ఉన్న ఆ దగ్గరి లెక్క మళ్లీ రాలేదు.

2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌గా మొదలైన జాతీయ ఆరోగ్య మిషన్‌కు 2015-16 నుంచి కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం పెట్టాలి. అంతకుముందు కేంద్రం వాటా ఇంకా ఎక్కువ ఉండేది. రాష్ట్రం తన 40 జమ చేయకపోతే తర్వాతి విడత కూడా ఆగిపోతుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్లు సిఫారసు చేసింది. భవనాలు లేని ఉపకేంద్రాలు కట్టడం, పరీక్షల సదుపాయాలు పెంచడం దాని ఉద్దేశం. అది దేశమంతటికీ ఐదేళ్ల లెక్క అన్నది మరవొద్దు. 2021-26 కాలంలో పంచాయతీలకు ఇచ్చే మామూలు గ్రాంట్‌లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలన్నది నిబంధన. మిగిలిన 40 శాతంతో సిబ్బందికి జీతాలు ఇవ్వకూడదు. అంటే ఊరికి ఒక నర్సు కావాలని గ్రామసభ తీర్మానం చేసినా, పంచాయతీ తన గ్రాంట్‌తో పెట్టుకోలేదు.

ఈ పంపకం ఎంత గట్టిగా తగులుతుందో ఇదే నియోజకవర్గంలోని ఎ.కొండూరు మండలం తండాలను చూస్తే తెలుస్తుంది. అక్కడ కిడ్నీ జబ్బు చాలా ఇళ్లను కుదిపేసింది. ఒక ఇంట్లో పెద్దాయనకు డయాలసిస్ మొదలైందనుకోండి. మంచినీళ్ల పైపులైన్‌కు జల్ జీవన్ మిషన్ కింద కేంద్రం సగం, రాష్ట్రం సగం. జిల్లా ఆసుపత్రుల్లో పేదలకు ఉచిత డయాలసిస్ కార్యక్రమం 2016లో వచ్చింది, అది జాతీయ ఆరోగ్య మిషన్ పద్దు. డయాలసిస్ రోగికి నెలకు 10 వేల పింఛను రాష్ట్రానిది. మరి వారానికి రెండు మూడు సార్లు ఆసుపత్రికి వెళ్లి వచ్చే ఖర్చు? ఆటో చార్జీ, వెంట వెళ్లే కొడుకు కూలీ నష్టం ఇంటి మీదే పడతాయి. అసలు ఖర్చు దాచిపెట్టిన చోటు ఇదే.

పెద్దాసుపత్రి వైద్యంలోనూ ఇలాంటి తిరకాసే. ఆరోగ్యశ్రీ 2007లో మూడు జిల్లాల్లో మొదలైంది; ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. 2018 సెప్టెంబర్ 23న మొదలైన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు ఇస్తుంది. కేంద్రం తన లెక్కలో ఉన్న కుటుంబాలకే, అదీ కుటుంబానికి ఒక గరిష్ఠ పరిమితి లోపలే 60 శాతం భరిస్తుంది. ఆ జాబితాకు బయట ఉన్న ఇళ్లు, పరిమితి దాటిన ఖర్చు రాష్ట్రం మీద పడతాయి. 2024 అక్టోబర్ నుంచి 70 ఏళ్లు దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు. ఇంట్లో దాదా, నానీ ఉంటే ఆధార్‌తో తీసుకోవచ్చు.

తిరువూరు వైపువాళ్లకు ఇంకో చిక్కు ఉంది: తెలంగాణ సరిహద్దు పక్కనే. చాలామంది వైద్యానికి ఖమ్మం వెళ్తారు. రాష్ట్ర కార్డు ఆ రాష్ట్రంతో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల్లోనే చెల్లుతుంది. ఆయుష్మాన్ కార్డయితే దేశంలో ఆ పథకంలో చేరిన ఏ ఆసుపత్రిలోనైనా పనిచేయాలి. చేరకముందే ఆసుపత్రిలోని పథకం డెస్క్‌లో అడగడం మంచిది, డబ్బు కట్టాక వెనక్కి రాబట్టడం కష్టం. ఆయుష్మాన్ సందేహాలకు 14555కు ఫోన్ చేయొచ్చు.

కాల్వ, చెత్త, తాగునీటి సంగతులకు పంచాయతీని, గ్రామసభను అడగాలి. నర్సు లేదన్నా, మందు లేదన్నా పంచాయతీ కార్యాలయం చుట్టూ తిరిగితే రోజులు పోవడమే. ఆ అర్జీని జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారికి గానీ, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో గానీ ఇచ్చి రసీదు తీసుకోవాలి.