వంద మీటర్ల లెక్క

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ పక్కనే, ముసారాంబాగ్ దిబ్బ మీద నల్లరాతి స్తంభం ఒకటుంది. 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమాండ్ సమాధి అది. నిజాం కొలువులో వేలమంది సిపాయీలకు కవాతు నేర్పి, తోప్ కా సాంచాలో ఫిరంగులు పోత పోయించిన మనిషి. ముసల్మానులు ఆయన్ని మూసా రహీం అంటే, హిందువులు మూసా రామ్ అన్నారు. పేటకు ఆ పేరే మిగిలిందంటారు.

ఆయన సిపాయీల చేతిలోవి చెకుముకి తుపాకులు. వంద మీటర్లు దాటితే గురి దైవాధీనం. మళ్లీ మందు కూరి, గుండు దట్టించేలోపు రిసాలా వచ్చి మీద పడొచ్చు. అందుకే సైన్యాలు బహిరంగంగా బారులు తీరి నిలబడేవి. కందకాల అవసరం ఎక్కువగా కోట ముట్టడికే.

తర్వాతి కథంతా ఆ వంద మీటర్లు పెరగడమే. గొట్టం లోపల మెలి గాడులు పడ్డాయి; 1849 నాటి మినియే తూటాతో దట్టించడం సులువై, మామూలు సిపాయీ కూడా వందల మీటర్లు గురి పెట్టగలిగాడు. 1864లో అమెరికా అంతర్యుద్ధంలో పీటర్స్‌బర్గ్ దగ్గర ఇరుపక్షాలూ మట్టిలోకి దిగి తొమ్మిది నెలలు అక్కడే ఉండిపోయాయి. పదేళ్లకు పశువుల కోసం ముళ్లతీగ వచ్చింది. 1884లో మాక్సిమ్ మరతుపాకీ. 1904లో రష్యా-జపాన్ యుద్ధంలో పోర్ట్ ఆర్థర్ దగ్గర ఇవన్నీ కలిసి ఏం చేస్తాయో యూరప్ అధికారులు కళ్లారా చూశారు. చూసి, ధైర్యముంటే బాయినెట్టే గెలుస్తుందని తేల్చుకున్నారు!

మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక, 1914 చివరికి స్విట్జర్లాండ్ సరిహద్దు నుంచి సముద్రం దాకా కందకాలే. వాటిని పట్టుకోవడం అసాధ్యమేం కాదు. చిక్కంతా పట్టుకున్నాకే. ముందుకెళ్లినవాడు తన ఫిరంగులే దున్నేసిన బురదలో కాలినడకన సాగాలి, టెలిఫోన్ తీగ తెగిపోయి ఉంటుంది. ఎదుటివాడి కొత్త దళాలు మాత్రం రైల్లో దిగుతాయి.

ఆ చిక్కులోకి మన దక్కన్ హార్స్ కూడా వెళ్లింది. నిజాం అశ్వదళాల వారసత్వం దానిది. ఫ్రాన్స్‌లో అది ఉన్న బ్రిగేడ్ పేరే సికింద్రాబాద్. 1916 జులై 14న సోమ్ రంగంలో తెల్లవారుజామునే పదాతిదళం జర్మన్ వరుసను ఛేదించింది. ముందున్న హైవుడ్ అడవి దాదాపు ఖాళీ. గుర్రాలేమో గుంతలూ కందకాలూ దాటుకుంటూ వచ్చేసరికి సాయంత్రమైంది. ఈటెలతో పంటచేలోంచి దూకి కొందరిని పొడిచారు, కొందరిని పట్టుకున్నారు, తెల్లారేసరికి వెనక్కి రావలసి వచ్చింది.

హైవుడ్ చివరికి దక్కింది సెప్టెంబర్ 15న, యుద్ధరంగంలోకి ట్యాంకు తొలిసారి దిగిన రోజే. దక్కన్ హార్స్ కూడా తర్వాత ట్యాంకులెక్కింది. 1965 భారత్-పాక్ యుద్ధంలో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్‌లో షెర్మన్ ట్యాంకులతో పోరాడింది.