మత్తడి దుమికెడు త్రోవ

హైదరాబాదు నగరమునకు ఉత్తరపు కొసన జీడిమెట్ల, సూరారము, గాజులరామారము, చింతల్ మున్నగు పల్లెలను కడుపులో నిడుకొని పెరిగిన కుత్బుల్లాపూరును నేడు చూచువారికి కర్మాగారముల పొగగొట్టములును, వరుసలుదీరిన అపార్టుమెంట్లును, జడివాన కురిసిన దినమున మోకాలిలోతు నీటిలో నిలిచిపోయిన ఆటోలును కన్నులబడునే గాని, ఈ గడ్డ యొకప్పుడు గొలుసుకట్టు చెరువుల సీమ యను సంగతి స్ఫురింపదు. 1562 లో, ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో, హుసేన్ షా వలీ కట్టించిన హుసేన్‌సాగరమునకు నీరు తెచ్చు నాలాలలో పెద్దది కూకట్‌పల్లి నాలా. దాని పైతట్టు మెరకలలో కుత్బుల్లాపూరు ఒకటి. ఇచ్చట కురిసిన వాన ఒక చెరువును నింపి మత్తడి దుమికి, దిగువ చెరువును చేరి, అదియు నిండిన పిమ్మట మరియొక దానిని వెదకికొని, కట్టకడపట హుసేన్‌సాగరమున జొచ్చి మూసీనదిలో గలియుట పెద్దలనాటి ఏర్పాటు. నగరము సరిగా ఆ ఏర్పాటు మీదనే వచ్చి కూర్చుండినది.

ప్రతి చెరువునకును కట్ట, తూము, మత్తడి అని మూడంగములు గలవు. కట్ట నీటిని నిలుపును. తూము పొలమునకు పంచును. మత్తడి మిగులుజలమును దిగువకు సాగనంపును. పాతకాలపు తూమును దగ్గరగా చూచినవారెరుగుదురు: చెరువులోపల నిలువుగా పాతిన రెండు రాతికంబములు, వానిని గలుపుచు అడ్డముగా నిలిపిన పలకలు, పలకల రంధ్రములగుండ దిగెడు పొడవైన కొయ్య, దాని కొసన తూముకంతకు సరిగా అమరెడు బిరడా. ఆ కొయ్యను ఎప్పుడెంత యెత్తవలెనో నిర్ణయించి, వంతులవారీగా మళ్లకు నీరు పారించువాడు నీరటి. వానకాలపు రాత్రులందు లాంతరు చేతబట్టి కట్ట పొడవునను నడచి, ఎలుకబొరియ పడినదా, ఎచ్చటనైన చెమ్మ ఊరుచున్నదా, మత్తడికి తుమ్మకంప అడ్డుపడినదా యని చూచువాడును అతడే. అతని శ్రమకు పంటలో పాలుండెను. చెరువును బాగుచేయించువారికి దశబంధ మను పేర ఇనాము భూములుండెను. వీరందరికిని పైన, కట్టమీద మైసమ్మ కొలువై యుండెను. సూరారము కట్టమైసమ్మ జాతర నేటికిని జరుగుచునే యున్నది. ఆ తల్లికి బోనమెత్తుట మనము మానలేదు. ఆమె కావలికాచెడు కట్టను పట్టించుకొనుట మాత్రము మానితిమి.

చెరువు శాస్త్రము తెలుగువారికి క్రొత్త గాదు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువుకడ విజయనగర రాజకుమారుడగు భాస్కరుడు 1369 లో వేయించిన శాసనము తటాకనిర్మాణమునకు 12 సాధనములను, 6 దోషములను లెక్కించినది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల కాలము ఆ చెరువునకు పట్టినవని అందే కలదు. ధర్మపరుడగు ప్రభువు, జలశాస్త్ర మెరిగిన పండితుడు, గట్టినేల, పనితనము గల మనుష్యులు సాధనములలోనివి. కట్టనుండి నీరు కారుట, చవిటినేల, నడుమ మిట్ట, నీటికి మించిన నేల, నేలకు మించిన నీరు అనునవి దోషములు. ఇవి ఏ ఇంజనీరైనను చెప్పగలవే. ఆరవది మాత్రము రాజనీతి యెరిగినవాడు చెప్పవలసినది: రెండు రాజ్యముల పొలిమేరయందు చెరువుండుట. పొలిమేర చెరువునకు ప్రభువులిద్దరుందురు గాని బాధ్యుడొక్కడును ఉండడు.

ఈ ఆరవ దోషమునకు మన కాలపు దృష్టాంతము జీడిమెట్ల చెరువు. ఫాక్స్‌సాగర్ అనియు, కొల్లచెరువు అనియు వ్యవహరింపబడు ఈ తటాకము ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కాలమున, 1897 లో నిర్మింపబడినది. విస్తీర్ణము సుమారు రెండు చదరపు కిలోమీటర్లు. గత శతాబ్ది ఉత్తరార్ధమున ఈ ప్రాంతమున పారిశ్రామికవాడ వెలసెను. మందుల, రసాయనముల కర్మాగారముల వ్యర్థజలమునకై 1989 లో ఇచ్చట ఉమ్మడి శుద్ధికేంద్రము నెలకొల్పవలసి వచ్చిన దనుటయే నాలాల గతి ఆనాటికే యెట్లుండెనో చెప్పును. సేద్యము తరిగినకొలది ఆయకట్టు ప్లాట్లయ్యెను. తూములతో పనిలేక పోయెను. తూముతో పాటు నీరటియు పోయెను. వానలు లేని యేడులందు చెరువుగర్భమగు శిఖము భూమి ఎండగా అందులో హద్దురాళ్లు మొలచెను. 2018 లో కొంపల్లి వేరుగా పురపాలిక కాగా, చెరువునకు పైనున్న కాలనీలు ఒక యేలుబడిలోను, మత్తడి క్రింది త్రోవ మహానగరపాలక సంస్థ యేలుబడిలోను పడెను.

తరువాతి కథ వాన చెప్పినది. 2000 ఆగస్టు 24 న నగరమున ఒక్కదినమున ఇరువదినాలుగు సెంటీమీటర్ల వాన కురియగా, పాలకులు నాలాల సంగతి తలచుకొనిరి. 2003 లో నాలాలపై కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ నివేదిక వచ్చెను. పని మాత్రము కాగితము దాటినది స్వల్పము. 2016 సెప్టెంబరున నిజాంపేటలోని బండారి లేఅవుట్ మునిగెను. 2020 అక్టోబరు వానలకు ఫాక్స్‌సాగర్ నిండి నీరు వెనుకకు ఎగదన్నగా, కొంపల్లిలోని ఉమామహేశ్వర కాలనీ వారములకొలది నీటిలో నుండెను. జనులు ఇండ్లు విడిచి పడవలమీద వెడలిరి. 2023 సెప్టెంబరున మైసమ్మగూడలో వసతిగృహముల క్రింది అంతస్తులు మునుగగా విద్యార్థులను జేసీబీలపై నెక్కించి తెచ్చిరి. ఆ వానకే ప్రగతినగరున నాలుగేండ్ల బాలుడు నాలాలో పడి ప్రాణము గోల్పోయెను.

ఆకాశమును నిందించుటకు ముందు చిన్న లెక్క వేసికొందము. రెండువందల చదరపు గజముల మేడమీద పది సెంటీమీటర్ల వాన పడిన, దిగెడు నీరు సుమారు 16,700 లీటర్లు, అనగా ఐదువేల లీటర్ల ట్యాంకర్లు మూడింటికి మించినది. ఐదువందల ఇండ్ల కాలనీ నుండి ఈ లెక్కన సుమారు 83.5 లక్షల లీటర్లు బయలుదేరును. పూర్వము ఈ నీటిలో చాల భాగము మన్ను త్రాగెడిది, మిగిలినది మెల్లగా నడచి చెరువు చేరెడిది. ఇప్పుడు సిమెంటుమీద పరుగిడి కొలది నిమిషములలో నాలాను చేరుచున్నది. ఆ నాలాకు పూర్వపు వెడల్పు లేదు. వేసవిలో అదే కాలనీ అదే ట్యాంకరునకు డబ్బు చెల్లించి బారులు తీరుచున్నది.

ప్రభుత్వము ఊరకున్నదని చెప్పరాదు. 2012 నాటి 168 వ ఉత్తరువు పది హెక్టార్లకు మించిన చెరువు చుట్టును 30 మీటర్లు, చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు, పది మీటర్లకు మించిన వెడల్పుగల నాలాకు 9 మీటర్లు, అంతకు లోపలిదానికి 2 మీటర్లు ఖాళీగా విడువవలెనని శాసించినది. 2021 లో మొదలైన నాలా అభివృద్ధి పథకము క్రింద తొలిదశకు 985.45 కోట్లు మంజూరయ్యెను. ఫాక్స్‌సాగర్ మత్తడినుండి వెన్నెలగడ్డ చెరువు దిక్కునకు కాంక్రీటు పెట్టెకాలువ ఆ పథకములోనిదే. జలమండలి తలపెట్టిన 31 మురుగుశుద్ధి కేంద్రములలో వెన్నెలగడ్డ, గాజులరామారము, పరికి చెరువు కలవు. 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా అను ప్రభుత్వ సంస్థ ఆక్రమణలను తొలగించుచున్నది. 2025 చివర చుట్టుపట్టుల 27 పురపాలికలు మహానగరములో విలీనమగుటతో కొంపల్లికి, జీడిమెట్లకు నడుమ పాలనపు గోడ తొలగెను. అయినను పెట్టెకాలువ నీటిని వేగిరముగా దిగువకు చేర్చునే గాని, దిగువ చెరువులో పూడిక నిండియున్న యెడల వరద ఒక కాలనీనుండి మరియొక కాలనీకి మారుట తప్ప వేరు ఫలము లేదు.

పౌరులు పూనుకొనినప్పుడు ఏమగునో చెప్పుటకు నగరముననే నిదర్శనములు గలవు. ఫోరం ఫర్ ఎ బెటర్ హైదరాబాద్ అను సంఘము వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యముపై హైకోర్టు ఇచ్చిన ఆదేశముల ఫలితముగనే 2010 లో చెరువుల పరిరక్షణ సంఘ మేర్పడి, మహానగరాభివృద్ధి సంస్థయగు హెచ్‌ఎండీఏ పరిధిలో 3,132 చెరువులను గుర్తించి, హద్దులు కొలుచుటకు ఉపక్రమించెను. నెక్నామ్‌పూర్ చెరువులో ధ్రువాంశ్ అను స్వచ్ఛంద సంస్థ, అధికారులతో చేయి గలిపి, వట్టివేరు, మెట్టతామర వంటి మొక్కలను తేలెడు తెప్పపై పెంచి, మురుగులోని మాలిన్యమును వేళ్లచేత పీల్పించుచు, 2018 నాటికి జలాశయమునకు తెప్పిరిలు లక్షణమును తెచ్చినది.

కుత్బుల్లాపూరునకు లోపించినది చట్టము గాదు, ధనము గాదు, నీరటి. ఆ పదవి మరల పంటలోని పాలుతో రాదు. కాలనీ సంఘములే దానిని చేపట్టవలెను. మృగశిర కార్తె రాకముందే మీ వీథి నీరు ఏ నాలాలో పడి ఏ చెరువునకు పోవునో ఒకమారు నడచి చూచుడు. నాలాలో చెత్త వేయువారిని వారించుడు. మేడనీటిని ఇంకుడుగుంతకు మళ్లించుడు. చెరువుల హద్దులపై ప్రాథమిక ప్రకటన వెలువడినప్పుడు ఆక్షేపణలకు గడువిత్తురు. ఆ గడువులో ఆక్రమణదారులు తప్పక పత్రములతో పోవుదురు. చెరువు పక్షమున పోవువారు గూడ ఉండవలెను, ఆ పోవువారు మీరు కావలెను.