ఊరగాయ నుంచి అగ్గిపెట్టె దాకా: చిన్న పరిశ్రమల రిజర్వేషన్ కథ

కొన్ని వస్తువులను చిన్న పరిశ్రమలు మాత్రమే తయారు చేయాలన్న విధానాన్ని కేంద్ర ప్రభుత్వం 1967లో 47 వస్తువులతో ప్రారంభించింది. 1978 నాటికి ఆ జాబితా 800 దాటింది. ఊరగాయలు, అగ్గిపెట్టెలు, బాణసంచా, అగరుబత్తీలు, గాజు గాజులు, తాళాలు, నోటుపుస్తకాలు అన్నీ అందులోనివే. పెద్ద సంస్థల పోటీ నుంచి రక్షణ లభిస్తే ఉపాధి పెరుగుతుందన్నది నాటి ఆశయం.

ఈ రక్షణ పొందాలంటే యంత్రాలపై పెట్టుబడి నిర్దేశిత పరిమితిని మించకూడదు. అంటే వ్యాపారం బాగా సాగి కొత్త యంత్రం కొనాలనుకున్న యజమానికే చిక్కు. విస్తరించడానికి బదులు బంధువుల పేరిట మరో చిన్న యూనిట్ తెరవడమే అతనికి లాభసాటి. 2001లో దిగుమతులపై పరిమాణ ఆంక్షలు తొలగాక పరిస్థితి మరింత విడ్డూరమైంది. జాబితాలో మిగిలిన సరుకు విదేశాల నుంచి రావచ్చు, దేశంలోని పెద్ద కర్మాగారం మాత్రం దాన్ని తయారు చేయరాదు.

రిజర్వేషన్‌ను రద్దు చేయాలని ఆబిద్ హుస్సేన్ కమిటీ 1997లోనే సిఫారసు చేసింది. జాబితా క్రమంగా తరిగింది. ఊరగాయలు సహా చివరి 20 వస్తువులను 2015 ఏప్రిల్‌లో తొలగించారు. పెద్దవి ప్రవేశిస్తే చిన్న యూనిట్లలోని కార్మికుల గతి ఏమిటన్న భయం సహేతుకమైనదే. అయితే లెస్లీ మార్టిన్, శాంతి నటరాజ్, ఆన్ హారిసన్ 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రిజర్వేషన్ తొలగింపు ప్రభావం ఎక్కువగా పడిన జిల్లాల్లోనే ఉపాధి, వేతనాలు అధికంగా పెరిగాయి.

అంతమాత్రాన ప్రభుత్వ మద్దతంతా వృథా అనడం తొందరపాటే. ప్రాధాన్యతా రంగ రుణాలకు అర్హమైన సంస్థల పెట్టుబడి పరిమితిని 1998లో 65 లక్షల నుంచి 3 కోట్ల రూపాయలకు పెంచి, 2000లో కోటికి తగ్గించారు. ఈ మార్పులను అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో పరిశీలించారు. కొత్తగా అర్హత పొందిన సంస్థలు అదనపు రుణంతో పాత అప్పులు తీర్చుకోలేదు, ఉత్పత్తిని పెంచుకున్నాయి. వాటికి కొరవడింది పెట్టుబడే.

నేటికీ రాయితీలకు పరిమాణమే కొలమానం. 2025 ఏప్రిల్ 1 నుంచి 25 కోట్ల రూపాయల వరకు పెట్టుబడి, 100 కోట్ల వరకు టర్నోవర్ ఉన్న సంస్థలను చిన్న పరిశ్రమలుగా పరిగణిస్తున్నారు. అయితే ఎదిగి పై వర్గంలోకి చేరిన సంస్థకు పన్నేతర ప్రయోజనాలు మరో మూడేళ్లు కొనసాగేలా 2022 అక్టోబరులో నిబంధన సవరించారు.