క్షీరాబ్ది ద్వాదశి

కార్తిక శుద్ధ ద్వాదశి సాయంత్రం తులసికి, విష్ణుమూర్తికి పెళ్లి చేసే పండుగ. చిలుకు ద్వాదశి అనీ అంటారు. తులసికోటకు పసుపు రాసి, బొట్లు పెట్టి, పక్కనే కాయలున్న ఉసిరికొమ్మ నాటుతారు, పెళ్లికొడుకు అదే. ఉసిరికాయ పైభాగాన్ని గుంటగా తొలిచి, నెయ్యి పోసి, వత్తి వెలిగిస్తారు. పూజకు అందమంతా ఈ దీపాలదే. చలిమిడి, వడపప్పు నైవేద్యం.

కన్నడిగులకు ఇది ఉత్థాన ద్వాదశి. కోటకు చెరకు గడలూ కడతారు. కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లొచ్చాక ఎందరో తెలుగు రైతులు క్యాంపులు కట్టుకుని స్థిరపడ్డారు. అక్కడ ఉసిరికొమ్మ ఆచారం రెండు భాషలవారికీ ఉమ్మడి సొత్తు. ఆషాఢంలో పట్టిన చాతుర్మాస్య వ్రతానికి ఈనాటితో ముగింపు.