రబ్బరు షేర్లు, షాంఘై దివాలా

1910 వసంతంలో లండన్ మార్కెట్లో పౌను రబ్బరు ధర 12 షిల్లింగులు దాటింది. 1908 మొదట్లో అది మూడు షిల్లింగులు కూడా పలకలేదు. మోటారు కార్ల జోరుతో టైర్లకు గిరాకీ పెరిగింది కానీ రబ్బరు చెట్టు నాటిన అయిదారేళ్లకు గానీ పాలివ్వదు. ఈ వ్యవధిలోనే షాంఘైలో నలభై దాకా రబ్బరు కంపెనీలు పుట్టుకొచ్చాయి. తోటలు మలయా, జావా, సుమత్రాల్లో ఉన్నాయన్నారు. వాటిని కళ్లారా చూసిన వాటాదారులు అరుదు. కొన్ని కంపెనీల చేతిలో ఇంకా కొట్టని అడవి తప్ప మరేమీ లేదు.

షేర్ల మోజు ప్రపంచమంతటా ఉన్నదే. షాంఘైని ముంచింది అక్కడి అప్పుల అల్లిక. నగరంలో వ్యాపారమంతా 'ఛియెన్‌చువాంగ్' అనే దేశీయ బ్యాంకుల మీద నడిచేది. సొంత పెట్టుబడి కొద్దిగానే ఉన్నా, యజమాని పరపతిని బట్టి అవి హుండీల్లాంటి చీటీలు రాసిచ్చేవి. ఆ చీటీలను విదేశీ బ్యాంకులూ పుచ్చుకునేవి. పైగా అడిగిన వెంటనే తీర్చాలన్న షరతుతో, తాకట్టు లేకుండా ఆ దేశీయ బ్యాంకులకే అప్పులిచ్చేవి. సరుకు కొనుగోలుకు పుట్టిన ఈ ఏర్పాటు షేర్ల కొనుగోలుకూ అంతే హాయిగా పనికొచ్చింది. చెన్ యిచింగ్ లాంటి దళారులు, అంటే మద్రాసు దుబాషీల మాదిరి విదేశీ కంపెనీలకూ స్థానిక వర్తకులకూ మధ్య నిలబడ్డవారు, రెండు వైపుల డబ్బూ తెచ్చి రబ్బరులో పోశారు.

వేసవికి రబ్బరు ధర జారింది. జులైలో చెన్‌తో ముడిపడిన జెంగ్‌యువాన్, దాని వెంటే మరో రెండు బ్యాంకులు చేతులెత్తేశాయి. షాంఘై పాలనాధికారి త్సాయ్ నైహువాంగ్ విదేశీ బ్యాంకుల నుంచి 35 లక్షల తాయెల్‌ల అప్పు తెచ్చి తక్కిన బ్యాంకులను నిలబెట్టాడు. (తాయెల్ అంటే మూడు తులాల పైచిలుకు వెండి.) అంతలో బాక్సర్ తిరుగుబాటుకు గాను చైనా విదేశాలకు కట్టాల్సిన నష్టపరిహారం వాయిదా వచ్చిపడింది. దానికి కట్టాల్సిన సర్కారు సొమ్ము కూడా ఈ బ్యాంకుల్లోనే ఉంది. దాన్ని ఇప్పుడే తీయవద్దని బీజింగ్ సర్కారును వేడుకున్నందుకు త్సాయ్ పదవి పోయింది. సొమ్ము బయటికి లాగగానే అక్టోబరులో పలు నగరాల్లో శాఖలున్న బ్యాంకు యువాన్‌ఫెంగ్‌రున్ కూలింది. 1911 మార్చిలో యిషాన్‌యువాన్ వంతు. బీజింగ్ కాస్త ఆగి ఉంటే ఈ రెండో దెబ్బ ఇంత గట్టిగా తగిలేది కాదేమో.

షేరు మొహమే చూడని సిచువాన్ రాష్ట్రపు రైతుకూ నష్టం తప్పలేదు. సిచువాన్–హాన్కో రైలు కంపెనీ పెట్టుబడిలో పెద్ద భాగం కౌలు ధాన్యంపై వసూలు చేసిన సుంకం నుంచి వచ్చింది. అందులో షాంఘైలో ఉంచిన నిధి నుంచి దాదాపు 30 లక్షల తాయెల్‌లు దివాలా బ్యాంకుల్లో, రబ్బరు షేర్లలో మునిగిపోయాయి. 1911 మేలో ప్రభుత్వం రైలుమార్గాలను జాతీయం చేసింది. కానీ స్పెక్యులేషన్‌లో పోయిన సొమ్ము భర్తీ చేయనంది. భూస్వాములు, వర్తకులు, విద్యార్థులు వీధికెక్కారు. సెప్టెంబరులో సిచువాన్ రాజధాని చెంగ్దూలో కాల్పులు జరిగాయి. రబ్బరే చైనాను ఏలిన చింగ్ వంశాన్ని కూల్చిందనడం అతిశయోక్తి. ఆ వంశానికి అంతకంటే పాత జబ్బులు చాలానే ఉన్నాయి. అయితే సిచువాన్ అల్లర్లను అణచడానికి హుబేయ్ నుంచి సేనలను తరలించడంతో అక్కడి వుచాంగ్‌లో కాపలా పలచబడింది. అక్టోబరు 10న ఆ వంశాన్ని కూల్చిన తిరుగుబాటు మొదలైంది అక్కడే.